గంట గుడారము: కుటుంబమునకు తగిన కొలత

మంచమున్నంతవఱకే కాళ్లు చాపవలెనని మన పెద్దలు చెప్పుదురు. మంచమునకు నాలుగు మూలలుండుటచేత ఎంతవఱకు చాపవచ్చునో కంటికే తెలియును. గుండ్రని గుడారములో పరుండువానికి ఆ సంగతి అంత సులభముగా తెలియదు. పగటివేళ విశాలముగా కనబడిన చోటు రాత్రి పక్కలు పఱచినంతనే ఇఱుకగును. కావున ఈ వ్యాసమున మేము బెల్ టెంటు అనబడు గంట గుడారమును గుఱించియు, శని ఆదివారములు ఆరుబయట గడపగోరు కుటుంబమువారు దాని కొలతను నిర్ణయించుకొనవలసిన విధమును గుఱించియు చెప్పదలచితిమి.

ఇది ఇంగ్లండు దేశమున మిక్కిలి వాడుకలోనున్న వస్తువు. మన తెలుగువారు అనేకులు ఉద్యోగములకై ఆ దేశమున కాపురముండి, అక్కడివారివలెనే సెలవుదినములందు పిల్లలతో గుడారములు వేసికొని విడియుచున్నారు. మన విద్యార్థులకో, ఇందలి లెక్క క్షేత్రగణితమునకు మంచి అభ్యాసము. తరగతిలో నల్లబల్లపై గీచిన వృత్తము ఒక ముసలమ్మ పక్కను తడియకుండ కాపాడగలదని చూపుటయే మా ఉద్దేశము.

గుడారముయొక్క స్వరూపము

గంట గుడారమునకు నడుమ ఒకే గుంజ యుండును. దాని కొననుండి కాన్వాసు గుడ్డ నలువైపులకు ఏటవాలుగా దిగి, నేలకు సుమారు 60 సెంటీమీటర్ల ఎత్తున నిలువు గోడగా మాఱును. ఆ అంచునుండి చుట్టును తాళ్లు లాగి గూటములకు కట్టుదురు. దూరమునుండి చూచినచో నేలపై బోర్లించిన గంటవలె నుండుటచేత దానికి ఆ పేరు కలిగినది.

క్రిమియా యుద్ధమున (1853–1856) ఆంగ్లసైనికులు ఇట్టి గుడారములలోనే విడిసిరి. 1855వ సంవత్సరమున రోజర్ ఫెంటన్ అను ఛాయాచిత్రకారుడు అచ్చట తీసిన పటములలో వీటిని వరుసలుగా చూడవచ్చును. అంతకుముందు 1854వ సంవత్సరము నవంబరు 14వ తేదీన వీచిన పెనుగాలికి ఆ దండులోని గుడారములు కూలిపోయినవి. బాలక్లావా రేవున ఓడలు మునిగినవి. 1856వ సంవత్సరమున అమెరికా దేశమున హెన్రీ హాప్‌కిన్స్ సిబ్లీ అను సేనాధికారి ఇదే రీతి శంకువు ఆకారముగల గుడారమునకు పేటెంటు పొందెను. 1907వ సంవత్సరము ఆగష్టు నెలలో బేడెన్ పవెల్ బ్రౌన్‌సీ ద్వీపమున బాలురతో నడపిన విడిదిలోను, అనగా స్కౌటు ఉద్యమమునకు మూలమైన విడిదిలోను, సైన్యపు గంట గుడారములే వాడబడెను.

ఈ చరిత్రవలన మనము గ్రహింపవలసిన దొకటి కలదు. సైనికులు ఒక్కొక గుడారమున పన్నెండుగురు, అంతకంటె ఎక్కువమందియు, పాదములు గుంజవైపునకు పెట్టి బండి ఆకులవలె పరుండెడివారు. నేటికిని అంగళ్లలో “ఇది ఇంతమందికి చాలును” అని వ్రాయు లెక్క యించుమించుగా ఆ దండులెక్కయే. అది పరుండుటకు మాత్రమే చాలు లెక్క. పెట్టెలకును, తడిసిన చెప్పులకును, వానపట్టిన పగలు కూర్చుండి అన్నము తినుటకును అందులో చోటు లేదు.

ఒక రాత్రి జరిగిన సంగతి

కొన్ని సంవత్సరముల క్రిందట మేము ఇంగ్లండు ఉత్తరభాగముననున్న లేక్ డిస్ట్రిక్ట్ అను సరస్సుల సీమలో రెండు రాత్రులు విడిసితిమి. ఆ సీమలోని సీత్‌వైట్ అను పల్లెలో సంవత్సరమునకు 3,000 మిల్లీమీటర్లకు పైగా వర్షము కురియును. మన జిల్లాలలో పెక్కింట కురియు దానికి అది సుమారు మూడు రెట్లు. మా ప్రక్కనే మన తెలుగు కుటుంబమొకటి దిగినది. తల్లి, తండ్రి, ఇద్దఱు పిల్లలు, నాయనమ్మ. వారి గుడారము నాలుగు మీటర్లది. ఆఱుగురికి చాలునని అమ్మినవాడు చెప్పెనట.

అర్ధరాత్రి వాన పట్టినది. కొంతసేపటికి ఆ ముసలమ్మ, “నాయనా, గుడ్డను ఆనుకొన్నచోటెల్ల నీరు దిగుచున్నది, నా దుప్పటి తడిసినది” అని కుమారుని లేపెను. ఆయన తల్లి చలికి వణకుట చూచి, సాయంకాలము వంటచేసిన బొగ్గుల కుంపటిని లోపలికి తెచ్చుటకై బయటికి వచ్చెను. నిప్పు చాలవఱకు ఆఱిపోయినదిగదా, హాని యేమని ఆయన తలంపు. ఆ సమయమునకు మేము మేల్కొనియుండుట దైవకృప. “అయ్యా, ఆ పని చేయవద్దు, తలుపు మూసిన గుడారములో బొగ్గు కుంపటి ప్రాణములు తీయును” అని చెప్పి, అమ్మగారిని మా గుడారమునకు పిలిచి పొడి కంబళి ఇచ్చితిమి. తెల్లవాఱిన పిమ్మట ఆయనయు మేమును కాగితము తీసికొని, తప్పు ఎక్కడ జరిగినదో లెక్క వేసితిమి. ఆ లెక్కయే ఇక్కడ చెప్పుచున్నాము.

నేల వైశాల్యము

గంట గుడారము కొలత యనగా దాని నేలయొక్క వ్యాసము. అంగళ్లలో 3, 4, 5, 6 మీటర్లవి సాధారణముగా దొరకును. 7 మీటర్లవియు కలవు. 3 మీటర్లదాని నేల సుమారు 7.1 చదరపు మీటర్లు, 4 మీటర్లది 12.6, 5 మీటర్లది 19.6, 6 మీటర్లది 28.3. వ్యాసము రెట్టింపైనచో వైశాల్యము నాలుగు రెట్లగునని చదువుకొన్న విద్యార్థికి ఇందు ఆశ్చర్యము లేదు. నాలుగునుండి అయిదునకు పోయినచో పెరిగినది ఒక్క మీటరే. కాని నేల సగమునకు మించి పెరిగినది.

పడకల లెక్క

ఒక మనుష్యుని పక్క 2 మీటర్ల పొడవును, 70 సెంటీమీటర్ల వెడల్పును అనుకొందము. గుండ్రని నేలలో దీర్ఘచతురస్రపు పక్కల మూలలు గోడకు తగులును. ఎంతవఱకు తగులునో లంబకోణ త్రిభుజ సూత్రము చెప్పును.

పైని చెప్పిన కుటుంబమువారు గుంజకు ఒకవైపున రెండు పక్కలు, మఱియొకవైపున మూడు పక్కలు వేసిరి. మూడు పక్కల వెడల్పు 2.1 మీటర్లు, పొడవులో సగము 1 మీటరు. వీని వర్గముల మొత్తము 5.41, దాని వర్గమూలము 2.33. అనగా కడపటి పక్కయొక్క మూల గుంజనుండి 2.33 మీటర్ల దూరమున నుండవలెను. గోడయో 2 మీటర్లకే యున్నది! కాబట్టి ఆ కడపటి పక్క గుడ్డను ఆనుకొనక తప్పలేదు. వానకు తడిసిన నూలు కాన్వాసును లోపలినుండి ఏ వస్తువు ఆనుకొన్నను ఆ చోట నీరు లోనికి దిగును. కడపటి పక్క నాయనమ్మది. తప్పు వానది కాదు, గుడ్డది కాదు, కొలతది.

ఇప్పుడు 5 మీటర్ల గుడారమున నలుగురిని పరుండబెట్టి చూతము. నాలుగు పక్కల వెడల్పు 2.8 మీటర్లు, అందు సగము 1.4, దాని వర్గము 1.96. వ్యాసార్ధము 2.5, దాని వర్గము 6.25. తీసివేయగా 4.29, దాని వర్గమూలము 2.07. అనగా రెండు మీటర్ల పక్కలు నాలుగును గుంజకు వెనుకనే యిమిడిపోవును! ముందరి సగమంతయు ఖాళీగా నుండును. గోడకు ఒక జానెడు ఎడముంచుటకై పక్కలను ముందునకు జరిపినను, గుంజ రెండవ పక్కకును మూడవ పక్కకును నడుమ పడును గనుక అడ్డము కాదు. ఇట్లే 6 మీటర్ల గుడారమున ఆఱు పక్కలకు లెక్క వేసినచో 2.14 మీటర్లు వచ్చును. ఆఱుగురును గుంజ వెనుకనే సుఖముగా పరుండవచ్చును. 4 మీటర్లదానిలో రెండు మీటర్ల పక్కలు రెండైనను గుంజ వెనుక పూర్తిగా ఇమడవు, గుంజ రెంటి నడుమ పడునట్లు వానిని కొంచెము ముందునకు జరుపవలెను.

దీనినుండి జ్ఞాపకముంచుకొనదగిన సూత్రమొకటి పుట్టుచున్నది. మనుష్యుల సంఖ్యలో సగమునకు మూడు కలుపుము. వచ్చినది గుడారపు వ్యాసము, మీటర్లలో. ఇద్దఱికి నాలుగు, నలుగురికి అయిదు, ఆఱుగురికి ఆఱు. అయిదుగురికి అయిదున్నర వచ్చును. అట్టిది దొరకనిచో ఆఱు మీటర్లది కొనవలెను. నడిమి పక్క పొట్టియగు పసివానిదైనచో అయిదు మీటర్లదానితోనే సర్దుకొనవచ్చును.

నిలుచు చోటు

నేల యంతయు నిలుచుటకు పనికిరాదు. 4, 5, 6 మీటర్ల గుడారముల నడిమి ఎత్తు క్రమముగా 2.5, 3, 3.5 మీటర్లనుకొందము, కొన్నిటి ఎత్తు ఇంతకు తక్కువగా నుండును గనుక కొనునపుడు అడిగి తెలిసికొనవలెను. 1.7 మీటర్ల పొడగరి తల వంచక నిలువగల వృత్తముయొక్క వ్యాసము మొదటిదానిలో సుమారు 1.7 మీటర్లు, రెండవదానిలో 2.7, మూడవదానిలో 3.7. ఆ వృత్తమునకు నడుమ గుంజ యుండును. కావున నాలుగు మీటర్లదానిలో ఒకరు చొక్కా తొడుగుకొనుచుండగా మఱియొకరు కూర్చుండవలసినదే. మోకాళ్ల నొప్పిగల పెద్దలున్న యింట ఈ లెక్క పడకల లెక్కకంటె తక్కువది కాదు.

పెద్దదైనచో కలుగు కష్టములు

అట్లయిన అందఱును మిక్కిలి పెద్దదే కొనరాదా యని అడుగవచ్చును. కొనరాదు. చదరపు మీటరునకు 285 గ్రాముల కాన్వాసుతో కుట్టిన 5 మీటర్ల గుడారము, నేలపై పఱచు పట్టా, గుంజలు, గూటములతో కూడ సుమారు 30 కిలోగ్రాములు తూగును. ఆఱు మీటర్లది 40 కిలోగ్రాములకు అటునిటుగా నుండును. తడిసినచో బరువు ఇంకను హెచ్చును. దానిని బండికి ఎక్కించువాడెవడో, ఆదివారము సాయంకాలము మడత పెట్టువాడెవడో ముందే ఆలోచింపవలెను.

రెండవది స్థలము. తాళ్లు గోడనుండి చుట్టును ఒకటిన్నర మొదలు రెండు మీటర్ల వఱకు బయటికి వచ్చును. కాబట్టి 5 మీటర్ల గుడారమునకు 8 లేక 9 మీటర్ల చోటును, 6 మీటర్లదానికి 9 లేక 10 మీటర్ల చోటును కావలెను. ఇంగ్లండులోని విడిది స్థలములలో అగ్నిభయముచేత గుడారమునకు గుడారమునకు ఆఱు మీటర్ల ఎడముంచుట వాడుక. కావున స్థలము కుదుర్చుకొనునపుడే కొలతను ముందుగా తెలుపుట మేలు. చోటు చాలదని తాళ్లను కుఱచగా కట్టినవారు బాలక్లావా పెనుగాలిని స్మరింపవలెను.

మూడు హెచ్చరికలు

మొదటిది, అన్నిటికంటె ముఖ్యమైనది. బొగ్గుల కుంపటినిగాని, వంట పొయ్యినిగాని గుడారములోనికి తేరాదు. నిప్పు ఆఱినట్లు కనబడినను బొగ్గులనుండి కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువు వెలువడుచుండును. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రించువారు నిద్రలోనే ప్రాణములు విడుతురు. చలికి మందు మందపు కంబళియు, పక్క క్రింద వేయు పరుపును, నిప్పు కాదు. పొగగొట్టముతో అమర్చదగిన పొయ్యిలు కొన్ని గుడారములకు కలవు. వానినైనను నిద్రవేళ మండనీయరాదు. ఆ విషవాయువును పసికట్టి మ్రోగు చిన్న యంత్రమును వెంట నుంచుకొనవలెను.

రెండవది. క్రొత్త నూలు కాన్వాసును మొదటి ప్రయాణమునకు ముందే ఇంటివద్ద వేసి, నీటితో తడిపి, ఆఱనిచ్చి, రెండు మూడు మాఱులు అట్లు చేయవలెను. దారములు ఉబ్బి కుట్టు రంధ్రములు పూడుకొనును.

మూడవది. తడి గుడారమును మడచి అటకపై పెట్టరాదు. వానలో మడువవలసివచ్చినచో ఇల్లు చేరిన మఱునాడే విప్పి ఆఱబెట్టవలెను. లేనిచో బూజు పట్టి గుడ్డ చివికిపోవును.

చేసి చూడదగినది

విద్యార్థులారా, ఇంగ్లండునకు పోకయే ఈ పాఠమును మన ఆటస్థలమున పరీక్షింపవచ్చును. ఒక గూటమును పాతి, దానికి రెండున్నర మీటర్ల త్రాడు కట్టి, ముగ్గుపిండితో వృత్తము గీయుడు. అందులో నాలుగు చాపలు పఱచి పరుండి చూడుడు. తరువాత త్రాటిని రెండు మీటర్లకు తగ్గించి అదే పని చేసి, ఏ చాప మూల గీత దాటునో గుర్తింపుడు. పిమ్మట ఈ రెండు ప్రశ్నలకు ఉత్తరములు వ్రాసి మీ గణితోపాధ్యాయునికి చూపుడు. ఒకటి: 7 మీటర్ల గుడారపు నేల 5 మీటర్లదానికి ఎన్ని రెట్లు? రెండు: 4 మీటర్ల గుడారమున గుంజ వెనుక మూడు పక్కలు వేసినచో, ఎంత పొడవుగలవారు గోడ తగులక పరుండగలరు?

తల్లిదండ్రులకు మేము విన్నవించునది ఒక్కటే. పరదేశమున నున్న మీ పిల్లలు గుడారము కొనబోవుచున్నామని తెలిపినచో, వెల అడుగుటకు ముందు వ్యాసమెంతయని అడుగుడు. కడపటి పక్క ఎవరిదని అడుగుడు. సరస్సుల సీమలోని ఆ కుటుంబమువారు మఱుసటి యేడు ఆఱు మీటర్లది కొని, అదే తావున విడిసిరని మాకు ఉత్తరము వ్రాసిరి. ఆ రెండు దినములును వాన కురిసినదట. నాయనమ్మ పక్క నడుమ వేసిరట. ఆమె తెల్లవాఱువఱకు హాయిగా నిదురించెనట.