నల్లులు – మనం దాచుకునే బాధ

 

వార్షికోత్సవ సంచికకు వ్యాసం రాయమన్నప్పుడు క్రమశిక్షణ గురించో, సమయపాలన గురించో రాద్దామనుకున్నాం. వాటి గురించి రాసేవాళ్ళు చాలామంది ఉంటారు. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఐదేళ్ళు ఇక్కడ మమ్మల్ని నిద్రపోనివ్వనిది, సెలవుల్లో మాతోపాటు మా ఇంటికి కూడా వచ్చినది ఒకటుంది. దాని గురించి రాయడానికే అందరం సిగ్గుపడతాం. అదే నల్లి.

నల్లికి భయపడి దేవుళ్ళు కూడా మంచాలు వదిలేశారని మన పెద్దలు చాటుపద్యం చెప్పుకుని నవ్వుకున్నారు. తెలుగు సారు చెప్పినప్పుడు మేమూ నవ్వాం. కానీ మా ఇంట్లో జరిగింది మాత్రం నవ్వులాట కాదు.

మా ఇంటికి ఎలా వచ్చాయి?

2016 దసరా సెలవులకు ట్రంకు పెట్టెతో ఇంటికి వెళ్ళాం. అప్పుడు తొమ్మిదో తరగతి. మాది రెండు గదుల కాలనీ ఇల్లు. అమ్మానాన్నలు కూలి పనికి వెళతారు. పెట్టెను నాన్న పడుకునే నులక మంచం కింద పెట్టాం. సంక్రాంతికి మళ్ళీ వెళ్ళేసరికి ఇంట్లో అందరి ఒంటి మీదా దద్దుర్లే. అమ్మ రాత్రిపూట దీపం వేసి మంచం పట్టెల సందుల్లో పుల్లతో గుచ్చి నల్లుల్ని తీసేది. పొద్దున్నే మళ్ళీ పత్తి ఏరడానికి పోయేది. అవి మా పెట్టెలోనే వచ్చాయని మాకు తెలుసు. కానీ చెప్పలేదు.

2017 మే నెలలో, చేలో కొట్టగా మిగిలిన పురుగుమందును ఎవరో ఇస్తే తెచ్చి మంచాలకు, గోడలకు కొట్టాం. ఆ రాత్రి తలుపులు వేసుకుని అక్కడే పడుకున్నాం. తెల్లవారుజామున తొమ్మిదేళ్ళ మా చెల్లికి వాంతులు, నోటి వెంట నురగ, ఒళ్ళంతా చెమట. ఆసుపత్రికి తీసుకెళితే "ఏం జరిగింది?" అని డాక్టరు గారు అడిగారు. "ఏదో తిన్నట్టుంది" అంది అమ్మ. ఇంట్లో నల్లులున్నాయని నలుగురిలో చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. చెల్లి బట్టలకున్న మందు వాసన పసిగట్టి డాక్టరు గారే మళ్ళీ గట్టిగా అడిగితే అప్పుడు నాన్న చెప్పాడు. చెల్లి మూడో రోజుకు కోలుకుంది. సిగ్గు వల్ల ప్రాణం పోయేంత పని అయింది. ఇంతా చేస్తే పది రోజులకు నల్లులు మళ్ళీ కనిపించాయి.

నల్లి ఎలాంటి జీవి?

ఆ ప్రశ్నకు జవాబు డిగ్రీలో కీటకాల పాఠం చదివాక గానీ మాకు దొరకలేదు. నల్లి రెక్కల్లేని కీటకం. ఎగరలేదు, దూకలేదు, నడుస్తుంది అంతే. మన వంటి వేడి ప్రాంతాల్లో ఎక్కువగా ఉండే జాతి పేరు సైమెక్స్ హెమిప్టెరస్. పెద్ద నల్లి పొడవు సుమారు 5 నుంచి 7 మిల్లీమీటర్లు. ఒళ్ళు చదునుగా ఉంటుంది కాబట్టి పోస్టుకార్డు దూరేంత సందు దానికి చాలు. పగలంతా మంచం పట్టెల్లో, నులక ముళ్ళలో, దిండు కుట్లలో, ట్రంకు పెట్టె మడత బందుల్లో, గోడ పగుళ్ళలో దాక్కుంటుంది. రాత్రి మన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును, ఒంటి వేడిని పసిగట్టి వస్తుంది. కుట్టేటప్పుడు నొప్పి తెలియనివ్వని, రక్తం గడ్డకట్టనివ్వని పదార్థాలు దాని లాలాజలంలో ఉంటాయి. అందుకే 5 నుంచి 10 నిమిషాలు తాగి వెళ్ళిపోయినా మనకు మెలకువ రాదు. దురద తరువాత మొదలవుతుంది.

ఆడ నల్లి రోజుకు 1 నుంచి 5 గుడ్లు పెడుతుంది. గుడ్డు మిల్లీమీటరు పొడవుండి తెల్లగా, సందులో అతుక్కుని ఉంటుంది. వేడి రోజుల్లో 6 నుంచి 10 రోజుల్లో పొదుగుతుంది. పిల్ల ఐదుసార్లు కుబుసం విడిచి పెద్దదవుతుంది. విడిచిన ప్రతిసారీ ముందుగా రక్తం తాగాలి. గుడ్డు నుంచి పెద్ద నల్లి కావడానికి సుమారు ఐదారు వారాలు పడుతుంది. ఆహారం లేకపోయినా నల్లి కొన్ని నెలలు బతకగలదు. వేసవి సెలవుల్లో ఏడు వారాలు హాస్టలు ఖాళీగా ఉన్నా, జూన్‌లో మనం రాగానే అవి స్వాగతం చెప్పడానికి కారణం ఇదే.

నల్లి కాటు వల్ల ఒకరి నుంచి ఒకరికి జబ్బులు సోకుతాయని రుజువు కాలేదు. కానీ గోకితే పుండ్లు పడతాయి, నిద్ర పోతుంది, నిద్రతోపాటు చదువూ పోతుంది. వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర, నడుము చుట్టూ విడవకుండా దురద ఉంటే అది గజ్జి కావచ్చు. గజ్జి వేరు, దానికి డాక్టరు మందు కావాలి. దుప్పటి మీద నల్లటి చుక్కలు, రక్తపు మరకలు, సందుల్లో కుబుసాలు కనిపిస్తే మాత్రం నల్లులే.

మందు కొట్టినా ఎందుకు పోవు?

మొదటి కారణం గుడ్లు. చాలా మందులు తగిలిన నల్లిని చంపుతాయి గానీ గుడ్డును చంపలేవు. పది రోజులకు మా ఇంట్లో మళ్ళీ కనిపించినవి ఆ గుడ్లలోంచి వచ్చిన పిల్లలే. రెండో కారణం, మందులకు నల్లి అలవాటు పడుతుంది. డి.డి.టి.కి లొంగని నల్లులు హవాయి దీవుల్లోని పెర్ల్ హార్బర్‌లో 1947 నాటికే కనిపించాయి. ఇప్పుడు ఇళ్ళలో వాడే చాలా మందులకూ అవి లొంగడం లేదు.

మూడో కారణం మనమే. నల్లి మురికి వల్ల పుట్టదు. దానికి కావలసింది మురికి కాదు, రక్తం. పెట్టెలో, సంచిలో, దుప్పట్లో ఎక్కి వస్తుంది. 2023లో పారిస్ నగరంలో రైళ్ళలోనూ, సినిమా హాళ్ళలోనూ నల్లులని జనం గగ్గోలు పెట్టారు. కాబట్టి ఇది పేదవాళ్ళకో, ఒక వాడకో రాసిపెట్టిన జబ్బు కాదు. "హాస్టలు పిల్లలు నల్లులు తెచ్చారు" అన్న మాట పడాల్సి వస్తుందని మనం దాస్తాం. మనం దాచినన్నాళ్ళూ అవి పెరుగుతాయి.

మేము చేసిన పద్ధతి

2021 మే నెలలో కరోనా వల్ల కాలేజీ లేక ఇంటిపట్టునే ఉన్నాం. గుడ్డు పది రోజుల్లో పొదుగుతుంది, పిల్ల గుడ్లు పెట్టాలంటే నెల దాటాలి. అంటే పది రోజులకొకసారి వదలకుండా చేస్తే, కొత్త పిల్లలు గుడ్లు పెట్టేలోపే దొరికిపోతాయి. ఈ లెక్క మీదే పని మొదలుపెట్టాం.

1. ఒకే రోజున ఇంట్లోని మంచాలు, బొంతలు, దిండ్లు, పెట్టెలు అన్నీ వాకిట్లోకి తెచ్చాం. ఒక్క గది చేసి ఇంకో గది వదిలితే లాభం లేదు.

2. బట్టలు, దుప్పట్లు మరిగే నీళ్ళలో వేశాం. 50 డిగ్రీలు దాటిన వేడి బాగా తగిలితే నల్లి, గుడ్డు రెండూ చస్తాయి.

3. మంచం కోళ్ళు, పట్టెలు కలిసే చోట, పెట్టె బందుల్లో మరిగే నీళ్ళు పోశాం. పాత నులక విప్పి కాల్చేసి కొత్తది అల్లుకున్నాం.

4. ఉడకబెట్టలేని బొంతల్ని నల్ల ప్లాస్టిక్ సంచుల్లో మూతి కట్టి మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టి, తిప్పుతూ వచ్చాం. ఊరికే ఎండలో పరిస్తే నల్లులు నీడవైపుకు జారుకుంటాయి.

5. గోడ పగుళ్ళు సిమెంటుతో పూడ్చాం.

6. మంచాన్ని గోడకు జానెడు దూరం జరిపి, కోళ్ళ కింద సబ్బు నీళ్ళ గిన్నెలు పెట్టాం. దుప్పటి నేలకు వేలాడకుండా చూసుకున్నాం.

పది రోజులకు రెండోసారి, మరో పది రోజులకు మూడోసారి ఇదంతా చేశాం. రెండో విడతలో చిన్న పిల్లలు దొరికాయి, మూడో విడతలో ఏమీ లేవు. అయితే నెలన్నరకు గోడవైపు మంచంలో మళ్ళీ రెండు కనిపించాయి. ఆ గోడ మాకూ పక్కింటికీ ఒకటే. అమ్మ రెండు రోజులు ఆలోచించి, చివరికి వెళ్ళి పక్కింటి పిన్నితో చెప్పింది. పిన్ని ఏమంది? "మా ఇంట్లో మూడేళ్ళ నుంచి ఉన్నాయి వదినా. మీరేమనుకుంటారోనని చెప్పలేదు!" ఆ తరువాత రెండిళ్ళూ కలిసి నీళ్ళు కాచాయి. 2022 సంక్రాంతికి రెండిళ్ళలోనూ హాయిగా పడుకున్నాం.

ఎన్నడూ చేయకూడనివి

పొలం మందులు పడకల మీద, పడకగదిలో కొట్టకూడదు. అవి పురుగు నరాల మీదనే కాదు, మనిషి నరాల మీద కూడా పనిచేస్తాయి. ధాన్యం నిల్వలో పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు గదిలో అస్సలు పెట్టకూడదు. వాటి నుంచి వచ్చే ఫాస్ఫీన్ వాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కిరోసిన్, పెట్రోలు పోస్తే ఇల్లు అంటుకుంటుంది. పొరపాటున ఎవరికైనా మందు గాలి తగిలితే వెంటనే బయటికి తెచ్చి, 108కి ఫోన్ చేసి, ఏ మందో దాచకుండా చెప్పండి.

తమ్ముళ్ళకు మా మాట

మీ కార్పెట్‌లో నల్లి కనిపిస్తే ఆ రోజే వార్డెన్ సారుకు చెప్పండి. చెప్పినవాణ్ణి వెక్కిరించకండి. అతను మీ అందరికీ మేలు చేశాడు. వార్డెన్ సారు, కామాటి, పెద్ద తరగతుల పిల్లలు కలిసి ఒక ఆదివారం అన్ని గదులూ ఒకేసారి చేయండి. మరిగే నీళ్ళ పని పెద్దవాళ్ళే చేయాలి. పది రోజుల తేడాతో మూడు విడతలూ మానవద్దు. సెలవులకు వెళ్ళేటప్పుడు పెట్టెను ఇంట్లోకి తీసుకుపోకుండా వాకిట్లోనే దించి, బట్టలు వేడినీళ్ళలో వేయమని అమ్మకు చెప్పండి. ఎందుకని అడిగితే నిజం చెప్పండి.

2016 దసరాకు మేము ఆ ఒక్క మాట చెప్పి ఉంటే మా చెల్లి ఆసుపత్రి మెట్లు ఎక్కేది కాదు. ఆ చెల్లి ఇంటర్ పూర్తి చేసింది. మా ఇంట్లో మొదటి డిగ్రీ మాది, రెండోది తనది కావాలని మా ఆశ. మీ ఇళ్ళలోనూ చదువుకునే చెల్లెళ్ళు, తమ్ముళ్ళు ఉన్నారు. సెలవులకు మన పెట్టెలో వాళ్ళ కోసం పుస్తకాలు తీసుకెళ్దాం, నల్లుల్ని మాత్రం వద్దు.