కొడవలి కణాలు – మలేరియా

ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే సికిల్‌సెల్ వ్యాధితో బిడ్డ పుడితే కొందరు తల్లిని నిందిస్తారు. ఇది అన్యాయం. తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి, రెండు లోపపు జన్యువులు చేరితేనే ఈ వ్యాధి వస్తుంది. ఒక్కటే ఉన్నవారు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు. పైగా, ప్రాణాంతక మలేరియా నుండి వారికి కొంత రక్షణ కూడా కలదు! తూర్పు ఆఫ్రికాలో పరిశోధించిన వైద్యుడు ఆంథొనీ ఆలిసన్ 1954లో ఈ సంగతి వెల్లడించారు. మలేరియా ప్రాంతాలలో, మన ఏజెన్సీ గిరిజన గ్రామాలతో సహా, ఆ జన్యువు తరతరాలుగా నిలిచియుండుటకు కారణమిదే. ఒకే జన్యువులో రక్షణ, బాధ రెండూ ఇమిడియుండడం తత్త్వవేత్తలకు సైతం చిక్కు ప్రశ్నే.

భార్యాభర్తలిద్దరిలోనూ ఆ జన్యువు ఒక్కొక్కటి ఉంటే, ప్రతి కాన్పులోను బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం. మొదటి బిడ్డకు వచ్చింది గనుక తరువాతి ముగ్గురికి రాదనుకోరాదు. అందుచేత పెళ్ళిమాటల సమయంలోనే రక్తపరీక్ష చేయించండి, వధువుకు మాత్రమే కాదు, వరునికి కూడా.