మందుకు లొంగని క్రిములు – మన బాధ్యత

మాంసం దుకాణాల్లో, కోళ్ల ఫారాల్లో పనిచేసే మన సోదరుల ముక్కులో, పేగుల్లో యాంటీబయాటిక్‌లకు లొంగని క్రిములు చేరవచ్చు. జ్వరం రాదు, నొప్పి ఉండదు. గాయమైనప్పుడో, ఆపరేషన్ అప్పుడో అవి విజృంభిస్తే మామూలు మందులు పనిచేయవు. ఖరీదైన ఇంజెక్షన్లతో కూలి కుటుంబం అప్పులపాలవుతుంది.

కోళ్లు త్వరగా బరువెక్కాలని దాణాలో మందు కలపడం ఇందుకు ఒక కారణం. అందుకే ప్రాణాపాయంలో ఆఖరి ఆసరా అయిన కొలిస్టిన్‌ను పశువులకు, కోళ్లకు, చేపలకు వాడేందుకు అమ్మడాన్ని కేంద్రం 2019 జూలైలో నిషేధించింది.

వుజూ మనకు శుభ్రత నేర్పింది. పని ముగిశాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. గాయానికి కట్టు కట్టుకోవాలి. డాక్టరు చీటీ లేకుండా మందు కొనకూడదు. రాసినన్ని రోజులూ వాడాలి.

దాతలారా! రోగి బిల్లు కట్టడం సదఖా. సత్తెనపల్లిలో బక్రీదుకు ఖుర్బానీ చేసే చేతులకు సబ్బు, గ్లౌజులు అందించడమూ సదఖాయే.