వికారం - వంటింటి వైద్యం



వికారం రోగం కాదు, అది ఒక లక్షణం మాత్రమే. కడుపులో తిప్పడం, నోట్లో నీళ్లూరడం, చెమట పట్టడం, చివరకు వాంతి కావడం మనందరికీ తెలిసినవే. మెదడు అడుగుభాగమైన మెడుల్లా దీన్ని నడిపిస్తుంది. పాడైన తిండి, జ్వరం, ఖాళీ కడుపు, బస్సు కుదుపులు, పరీక్షల భయం - వీటిలో ఏదైనా కారణం కావచ్చు. అందుకే ముందు కారణం ఏమిటో ఆలోచించాలి.

అల్లం: వికారానికి శాస్త్రజ్ఞులు ఎక్కువగా పరీక్షించి చూసిన వంటింటి వస్తువు ఇదే. గర్భిణుల వేవిళ్లలో కొంత ఉపశమనం ఇస్తుందని తేలింది. చిన్న ముక్క నమలవచ్చు, లేదా వేడినీటిలో మరిగించి కొద్దికొద్దిగా తాగవచ్చు. జీలకర్ర నీళ్లు, నిమ్మకాయ వాసన కూడా మన ఇళ్లలో వాడుకలో ఉన్నవే.

బస్సు ప్రయాణం: కదులుతున్నామని లోపలి చెవి చెబుతుంది. చేతిలోని పుస్తకం కదలడం లేదని కన్ను చెబుతుంది. ఈ తేడా వల్లే కడుపులో తిప్పుతుంది. ముందు సీట్లో కూర్చోండి, చదవడం ఆపండి, దూరంగా రోడ్డు మీదికి చూడండి. ఖాళీ కడుపుతోనూ, మరీ నిండా తినీ బయలుదేరకండి.

వాంతులయ్యాక: ఒంట్లో నీరు, ఉప్పు తగ్గిపోవడమే అసలు ప్రమాదం. పది నిమిషాలు ఆగి, చెంచా చెంచాగా తాగాలి. గటగటా తాగితే మళ్లీ వాంతవుతుంది. లీటరు కాచి చల్లార్చిన నీటిలో 6 టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలపాలి. చెంచాలు అంచుకు సమంగా ఉండాలి, ఉప్పు ఎక్కువ కాకూడదు. ఓఆర్ఎస్ పొట్లం దొరికితే ఇంకా మంచిది.

1971లో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా వ్యాపించి సెలైన్ చాలనప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఇలాంటి ద్రావణాన్నే తాగించారు. మరణాలు సుమారు 30 శాతం నుంచి 4 శాతం లోపుకు తగ్గాయి. గ్లూకోజు తోడుంటే పేగు సోడియంను త్వరగా పీల్చుకుంటుంది, దాని వెంట నీరూ పోతుంది. మా అమ్మ బడికి వెళ్లలేదు. అయినా వాంతులైతే గంజిలో ఉప్పేసి ఇచ్చేది. అందులోని కారణం నాకు పీజీలో గానీ తెలియలేదు.

వంటింటి వైద్యం చాలనివి: వాంతిలో రక్తం లేదా ఆకుపచ్చ పసరు, విపరీతమైన కడుపునొప్పి, తలనొప్పితో మెడ బిగుసుకోవడం, మగత, ఎనిమిది గంటలుగా మూత్రం రాకపోవడం, నీళ్లు కూడా నిలవకపోవడం - వీటిలో ఏది కనిపించినా ఆస్పత్రికి వెళ్లాలి. ఎవరైనా పురుగుమందు తాగితే ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు పోసి కక్కించవద్దు. అది ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం తీయవచ్చు. ఉమ్మడి రాష్ట్రంలో 2005లో మొదలైన 108కి వెంటనే ఫోన్ చేయండి. మందు డబ్బా కూడా వెంట తీసుకెళ్లండి.

హాస్టల్లో ఒకే పూట తిన్నవాళ్లలో ఇద్దరు ముగ్గురికి వాంతులైతే, మిగిలినవాళ్లను ఆ తిండి తిననివ్వకండి. కొంచెం తీసి పక్కన పెట్టి, వార్డెన్ గారికి చెప్పండి. ఇంటికి దూరంగా ఉన్న మనలో చాలామంది "ఎందుకులే" అని దుప్పటి కప్పుకుని పడుకుంటారు. అలా దాచకండి. పక్క మంచం మీద ఉన్న తమ్ముడు దాచినా మీరు చెప్పండి. రాత్రిపూట అతన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టండి, ఒంటరిగా వదలకండి.