మందుల గదిలో లెక్క ఎందుకు తప్పకూడదు?

విషం ఎక్కిన లక్షణాలున్న పాముకాటు రోగికి మన దేశంలో మొదటి మోతాదుగానే 8 నుండి 10 సీసాల విరుగుడు మందు ఎక్కిస్తారు. పుస్తకంలో 10 అని ఉండి అలమరలో 4 మాత్రమే ఉంటే ఆ రాత్రి ఏం చేయగలం? అందుకే నిల్వ లెక్క కూడా వైద్యంలో భాగమే.

లెక్క ఎందుకు తప్పుతుంది? మందు తీసి తర్వాత రాద్దామనుకోవడం, డబ్బాలకు బదులు మాత్రల సంఖ్య రాయడం, ఒకే మందును రెండు చోట్ల ఉంచడం, పగిలినవాటిని, గడువు దాటినవాటిని తీసివేసినా రాయకపోవడం ముఖ్య కారణాలు.

పాటించవలసిన పద్ధతులు:

1. ప్రతి మందుకు ఒకే చోటు, ఒక కార్డు ఉండాలి. తీసిన వెంటనే రాయాలి.

2. ఏడాదికొకసారి అన్నీ లెక్కించే బదులు రోజుకు కొన్ని లెక్కించాలి. ప్రాణాధార మందులను, ఖరీదైనవాటిని తరచుగా చూడాలి.

3. లెక్కించేవారికి పుస్తకంలోని అంకె ముందుగా చెప్పకూడదు. తెలిస్తే చూపు ఆ అంకెకే సర్దుకుంటుంది.

4. తేడా వస్తే అంకె దిద్ది ఊరుకోక, కారణం వెదకాలి.

5. గడువు ముందుగా ముగిసే మందును ముందు వరుసలో ఉంచాలి.

ఇంటి మందుల డబ్బాకూ ఇదే పద్ధతి. బీ.పీ., షుగరు, మూర్ఛ మాత్రలను వారానికొకసారి లెక్కపెట్టండి. వారానికి సరిపడా మిగిలి ఉండగానే మళ్ళీ తెచ్చుకోండి. మూర్ఛ మాత్రలు హఠాత్తుగా ఆపితే ఫిట్స్ తిరిగి రావచ్చు.

మందులిచ్చే చోట మేము రాసుకునే ఆ ఒక్క నిమిషం దయచేసి ఓపిక పట్టండి. ఆ రాత మీ తర్వాత వచ్చే రోగి కోసం.