జర్మనీకి కొత్తగా వచ్చారా? భాష క్లాసులో వస్తుందా, వీధిలోనా?

హైదరాబాద్‌లో చాలామందికి హిందీ ఏ కోచింగూ లేకుండానే వచ్చింది. ఆటోవాళ్లతో, ఇరుగుపొరుగుతో మాట్లాడుతుంటే అదే పట్టుబడింది. జర్మన్ కూడా అలాగే వస్తుందనుకుంటాం. కానీ ఇక్కడ మన ఐటీవాళ్లకు ఆఫీసులో ఇంగ్లిష్, ఇంట్లో తెలుగు. బేకరీలో కాస్త తడబడితే చాలు, అవతలివాళ్లే ఇంగ్లిష్‌లోకి మారిపోతారు. చెవిన పడని భాష నోటికి రాదు. అందుకే వచ్చిన మొదటి మూడు నెలల్లోనే క్లాసులో చేరండి.

ఎక్కడ చేరాలి?

దాదాపు ప్రతి పట్టణంలోనూ ఫోక్స్‌హోఖ్‌షూలె అనే వయోజన విద్యాకేంద్రం ఉంటుంది. చాలాచోట్ల సాయంత్రం క్లాసులుంటాయి, ఫీజూ అందుబాటులోనే ఉంటుంది. ప్రభుత్వ ఇంటిగ్రేషన్ కోర్సులో మామూలుగా 600 పీరియడ్లు భాషకు, 100 పీరియడ్లు ఇక్కడి చట్టాలు, చరిత్ర, సమాజానికి. ఇంట్లోంచే మొదలుపెట్టాలంటే జర్మన్ ప్రసార సంస్థ డాయిచ వెల్లె వారి ‘నికోస్ వేగ్’ ఆన్‌లైన్ కోర్సు ఏ1 (ప్రాథమిక) నుంచి బీ1 (మధ్యస్థ) స్థాయి దాకా ఉచితం.

క్లాసు ఏం ఇస్తుంది?

టేబుల్ పుంలింగం, దీపం స్త్రీలింగం, పుస్తకం నపుంసకలింగం. ఇది వీధిలో ఎవరూ విడమరిచి చెప్పరు. ప్రతి నామవాచకాన్నీ దాని లింగాన్ని చెప్పే డేర్, డీ, డాస్‌తో కలిపే బట్టీ పట్టండి. ‘వైల్’ (ఎందుకంటే) తర్వాత క్రియ వాక్యం చివరికి పోతుంది. ఇంగ్లిష్‌వాళ్లను తికమకపెట్టే ఈ వరస తెలుగువాళ్లకు పుట్టుకతో వచ్చిందే. డూ, జీ తేడా కూడా మన నువ్వు, మీరు లాంటిదే.

వీధి ఏం ఇస్తుంది?

పుస్తకంలో చిన్న రొట్టె ‘బ్రోట్‌షెన్’. మ్యూనిక్‌లో అదే ‘జెమ్మెల్’, బెర్లిన్‌లో ‘ష్రిప్పె’. ఆ మాటలూ, మాట్లాడే వేగమూ జనంలో తిరిగితేనే అలవడతాయి. స్పోర్ట్స్ క్లబ్బులో చేరండి. లైబ్రరీలో భాషా కబుర్ల సమావేశాలు జరుగుతుంటే వెళ్లండి. ముఖ్యంగా జీవిత భాగస్వామి వెంట వచ్చి ఇంటిపట్టున ఉండేవాళ్లను ఒంటరిగా వదలకండి. భాష ముందు కావలసింది వాళ్లకే.

ఎందుకింత పట్టుదల?

నిపుణ ఉద్యోగులకిచ్చే నివాస అనుమతి అయిన బ్లూ కార్డు ఉన్నవాళ్లకు మిగతా షరతులు కుదిరితే ఏ1తో 27 నెలలకు, బీ1తో 21 నెలలకే శాశ్వత నివాస అనుమతి వస్తుంది. పౌరసత్వానికీ మామూలుగా బీ1 కావాలి. దరఖాస్తుకు ముందు తాజా నిబంధనలు చూసుకోండి. ప్రభుత్వ ఆఫీసుల ఉత్తరాల్లో ‘ఫ్రిస్ట్’ అంటే గడువు. ఆ ఒక్క మాట తెలియక నష్టపోకూడదు.

క్లాసులో నేర్చుకున్న వాక్యాన్ని ఆ వారమే బయట వాడండి. ఎదుటివారు ఇంగ్లిష్‌లోకి మారితే ‘బిట్టె ఔఫ్ డాయిచ్, ఇష్ లెర్నె నోఖ్’ అనండి. అంటే, దయచేసి జర్మన్‌లోనే చెప్పండి, ఇంకా నేర్చుకుంటున్నాను అని. మొదట కంఠతా పట్టాల్సిన వాక్యం ఇదే.