ఆముదపు ఆకును చదువుట ఎట్లు?

ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షమని సామెత. చిట్యాల చుట్టుపట్ల గల ఎర్ర చెల్క నేలలలో, తక్కువ వానకు తట్టుకొని రైతును ఆదుకొన్న పంటలలో ఆముదమొకటి. పత్తి విస్తరించిన పిమ్మట దీని సాగు తగ్గినది. అయినను సాగుచేయు రైతులు ఆకును పరిశీలించుట నేర్చినచో, కల్తీ విత్తనము వలన కలుగు నష్టమును, అనవసరమైన మందుల ఖర్చును తప్పించుకొనవచ్చును.

జాతి: లిన్నేయస్ అను శాస్త్రజ్ఞుడు 1753లో దీనికి రిసినస్ కమ్యూనిస్ అని పేరు పెట్టెను. లాటిన్ భాషలో రిసినస్ అనగా పశువులను పట్టు పిడుదు. గింజను చూచినచో ఆ పేరెందుకు వచ్చినదో తెలియును. కర్రపెండలము, నేపాళము దీని కుటుంబములోనివే. ఎర్రకాండము గలదైనను, పచ్చకాండము గలదైనను, కాయకు ముండ్లున్నను లేకున్నను ఆముదమంతయు ఒకే జాతి. కావున ఒక రకపు పుప్పొడి గాలికెగిరి మరియొక రకముతో సులభముగా కలియును. విత్తనము చెడుటకు ఇదియే ముఖ్య కారణము.

ఆకు నిర్మాణము: మొలకతో వచ్చు రెండు బీజదళములు చీలికలు లేక గుండ్రముగా నుండును. తరువాతి మొదటి జత ఆకులు ఎదురెదురుగా, పిమ్మటివి ఒకదాని తరువాత ఒకటిగా వచ్చును. ముదిరిన ఆకు అరచేతివలె 5 మొదలు 11 వరకు చీలియుండి, అంచున రంపపు పండ్లు కలిగియుండును. కాడ అంచున గాక, తామరాకునకు వలె అడుగు భాగమున అతికియుండును. కాడపై గల చిన్న గ్రంథులు తీపి రసమును స్రవించును. వానికై చీమలు చేరుట తెగులు గుర్తు కాదు.

మైనపు పూత: అనేక రకములలో చెట్టుపై తెల్లని పొడి కనబడును. ఇది మైనము. కాండము, కాడలపై మాత్రమే ఉన్నచో ఒంటి పూత. ఆకు అడుగున కూడ ఉన్నచో రెండు పూతలు. ఆకు పైభాగమున కూడ ఉన్నచో మూడు పూతలు. పచ్చదోమ ఆకు అడుగున చేరి రసము పీల్చును. అంచులు పసుపుబారి మాడిపోవును. పూత లేని రకములు దీనికి ఎక్కువగా లోనగును. మూడు పూతల రకములు బాగుగా తట్టుకొనును.

కొందరు ఈ పూతను బూడిద తెగులని భ్రమించి మందు చల్లుచున్నారు. మైనము లేత దశనుండియే సమముగా పరచుకొనియుండి, వ్రేలితో రుద్దిన తొలగి, అడుగున ఆరోగ్యమైన చర్మము కనబడును. తెగులు మచ్చలు మచ్చలుగా ఆకుపై వచ్చును, ఆకు క్రమముగా పసుపుబారును.

చేయవలసిన పని: విత్తనము కొనునపుడే ఆ రకపు కాండము రంగు, పూత, కాయ ముండ్లు ఎట్లుండునో అడిగి వ్రాసికొనుడు. క్రాంతి, హరిత రకములను రూపొందించిన పాలెం పరిశోధన స్థానమువారిని గాని, హైదరాబాదులోని నూనెగింజల పరిశోధన సంస్థవారిని గాని సంప్రదింపవచ్చును. తమ విత్తనమును తామే నిలువచేసికొనదలచినవారు మొదటి గెల పూయకముందే చేనంతయు తిరిగి, గుర్తులు కలియని మొక్కలను పెరికివేయవలెను. పూత పూసిన పిదప పెరికిన ఫలము తక్కువ. అప్పటికే పుప్పొడి ఎగిరిపోయియుండును. సంకర రకముల గింజను మాత్రము తిరిగి విత్తరాదు.

ఆకును చూచుటకు ఖర్చు లేదు. చూడనిచో కలుగు నష్టము ఒక పంటకాలముతో తీరునది కాదు.